మా లొరేన్ కళ్ళకు గంతలు కట్టిన శనివారం

మా ఆవిడ లొరేన్ కాలేజీలో చేరతానన్న రోజున నేను నవ్వాను. ఆ నవ్వుకి శిక్షగా శీతాకాలమంతా నా గిన్నెలు నేనే కడుక్కున్నాను, అది వేరే సంగతి. నలభై దాటిన మనిషి, పగలంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళని లేపీ కూర్చోబెట్టీ నడుం విరగ్గొట్టుకునే మనిషి, మళ్ళీ పుస్తకాలు పడతానంటే ఎవరికి నవ్వు రాదు? నర్సు కావాలని ఆమె కోరిక. నర్సింగులోకి రానివ్వాలంటే ముందు సైకాలజీ, బయాలజీ గట్టెక్కాలని కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ నియమం. "గట్టెక్కుతా, దానికేం" అంది. మర్నాడే వెళ్ళి పేరు రాయించుకుంది.

కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. హైవే పక్కన, కలప మిల్లు దాటాక, ఎర్ర ఇటుకల పొట్టి భవనం. ఒక గదిలో వెల్డింగు నేర్పుతారు, పక్క గదిలో జుట్టు కత్తిరించడం, ఆ పక్కన కప్పల్ని కొయ్యడం. గని మూతపడి పని పోయిన మగవాళ్ళూ, మొన్నమొన్న బడి వదిలిన పిల్లలూ, చంకలో బిడ్డతో వచ్చే తల్లులూ ఒకే బల్లల మీద కూర్చుంటారు. నేను కౌంటీ వాళ్ళ మంచు తోసే లారీ నడుపుతాను కాబట్టి ఆ రోడ్డంతా నాకు కంఠోపాఠం. లోపల ఏం జరుగుతుందో మాత్రం లొరేన్ వచ్చి చెబితేనే తెలిసింది.

చెప్పడమంటే మామూలు చెప్పడమా! కోటు విప్పకుండా, బూట్లకంటిన మంచు వంటింటి నిండా కారుస్తూ మొదలుపెట్టేది. బయాలజీలో బుగ్గ లోపల పుల్లతో గీకి మైక్రోస్కోపు కింద చూసుకున్న రోజున ఇంటికొచ్చి నా నోరూ తెరిపించింది.

"కార్ల్, నీ బుగ్గలో గదుల్లాంటి కణాలు ఎన్నెన్ని ఉంటాయో తెలుసా? ఒక్కోదానికీ చుట్టూ పొర, మధ్యలో నల్లటి చుక్క! నా కళ్ళతో చూశాను!"

"ఖాళీగా ఉంటే అద్దెకిద్దాం" అన్నాను.

జనవరిలో సైకాలజీ మొదలయ్యాక ఇంట్లో ఎవరికీ రక్షణ లేకుండా పోయింది. ఎర్ర సిరాతో 'నీలం' అని రాసి, మాట చదవకుండా రంగు చెప్పమనేది. నేను తడబడితే ఎగిరి గంతేసేది. కుక్కకి తిండి పెట్టే ముందు ప్రతిసారీ గంట కొట్టి కొట్టి, ఆఖరికి వాకిట్లో బెల్లు మోగినా అది చొంగ కార్చేలా చేసింది. ఆ చొంగ పాస్టరు గారి ప్యాంటు మీద పడితే క్షమించమని అడగాల్సింది పోయి, "చూశారా, పనిచేసింది!" అని చప్పట్లు కొట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. పాస్టరు గారు మాత్రం కుర్చీ లాక్కుని, అది ఎలా పనిచేస్తుందో మొత్తం చెప్పించుకుని వెళ్ళారు.

మా అమ్మ లెంపికి ఇదంతా వేడుక. ఎనభైకి దగ్గర పడింది, మా పెరటి వెనక చిన్నింట్లో ఉంటుంది, సాయంత్రం కాఫీకి మా ఇంటికి రావలసిందే.

"ఏం కోడలా, ఇవాళ ఎవరి బుర్ర విప్పి చూశావ్?" అనేది.

"మీ అబ్బాయిది చూద్దామని విప్పాను అత్తయ్యా. ఏమీ లేదని మూసేశాను."

ఇద్దరూ కలిసి నవ్వేవారు. నవ్వుకోవడానికి వాళ్ళకి నేను దొరికాను.

కానీ ఆ చలికాలం మా అమ్మకి మంచిది కాదు. మా చర్చి కింది హాల్లో ప్రతి గురువారం ఆడవాళ్ళు పాస్టీలు చేసి అమ్ముతారు. పొడుగాటి బల్ల, ఎవరి చోటు వాళ్ళది, ఎవరి గిన్నె వాళ్ళది. పిండి గుండ్రంగా వత్తి, మీద మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ, రుటబాగా దుంప ముక్కలు పోసి, సగానికి మడిచి, అంచు నొక్కుకుంటూ అల్లి కాలుస్తారు. ఆ అంచు అల్లిక ఒక్కొక్కరిది ఒక్కో తీరు. చేతిరాత చూసి మనిషిని పోల్చినట్టు మా ఊళ్ళో అంచు చూసి ఎవరు చేశారో చెప్పేస్తారు. మా అమ్మ అంచు సన్నగా, జడ అల్లినట్టు ఉండేది. తలుపు తియ్యగానే "లెంపివి ఉన్నాయా?" అని అడిగేవాళ్ళు. కిటికీ పక్కన బల్ల చివర ఆమె చోటు. నేను పుట్టక ముందు నుంచీ అది ఆమెదే.

అక్టోబరులో అమ్మకి చిన్నపాటి పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, నడక పోలేదు, కుడి చెయ్యి మాత్రం వణకడం మొదలుపెట్టింది. జడలాంటి అంచు వంకరటింకరగా వచ్చేది. మొదట్లో జనం "పాపం" అంటూ కొన్నారు. తరవాత్తరవాత "లెంపివి ఎండిపోయినట్టుంటున్నాయి" అన్నారు. "ఉప్పు ఒకచోట ఉంటే ఇంకోచోట ఉండటం లేదు" అన్నారు. సాయంత్రానికి బల్ల మీద మిగిలేవన్నీ ఆమెవే అయ్యేవి. ఫిబ్రవరి చివర ఎలెనార్ ట్రెంబాత్ మా ఇంటికొచ్చింది. ఆ బల్ల పెత్తనమంతా ఎలెనార్‌ది, చిన్ననాటి నుంచీ అమ్మకి స్నేహితురాలు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, చెప్పేసింది.

"లెంపీ, ఈస్టర్ వెళ్ళాక నువ్వు పాస్టీలు పెట్టిచ్చే అట్టడబ్బాలు మడిచే దగ్గర కూర్చో. నీ చోట్లో ఇంకెవరినైనా నిలబెడతా. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు."

"నీకెప్పుడొచ్చింది గనక" అంది అమ్మ.

ఎలెనార్ వెళ్ళాక అమ్మ తను చేసిన పాస్టీ ఒకటి తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. సింకు దగ్గరికెళ్ళి ఉమ్మేసింది.

"నిజమేరా. నా చెయ్యి పోయింది. మట్టి తిన్నట్టుంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎలెనార్ ఇంటి ముందున్న మంచునంతా తోసి ఆమె గుమ్మంలోనే గుట్ట పోసి వద్దామనుకున్నాను. లొరేన్ మాత్రం అమ్మ వదిలేసిన ముక్క తీసుకుని, నిలబడి, మెల్లగా తింది.

"నాకూ బాగాలేదనే అనిపించింది కార్ల్" అంది అమ్మ వెళ్ళాక. "కానీ అనిపించడం వేరు, అవునో కాదో తెలుసుకోవడం వేరు."

ఆ తరవాతి వారమే వాళ్ళ సైకాలజీ టీచరమ్మ గుడ్‌లో గారు క్లాసులో అందరికీ ఎర్రటి రసం గ్లాసుల్లో పోసి, ఏ పండుదో చెప్పమన్నారట. ఆ రోజు లొరేన్ ఇంటికొచ్చిన తీరు నాకింకా గుర్తుంది. కారు తలుపు తెరిచే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"స్ట్రాబెర్రీ అన్నాను కార్ల్! నేనే! ఒట్టేసి చెప్పేదాన్ని! అది నిమ్మరసం, ఉత్త నిమ్మరసం, రంగు కలిపారు!"

తన నాలుక తనకే అబద్ధం చెప్పిందని తెలిసి అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

"అయితే?" అన్నాను.

"అయితే ఏంటి! అత్తయ్య పాస్టీలు! జనం తింటున్నది మాంసం కాదు, దుంపలు కాదు, ఆ వంకర అంచు! చూసి, 'అయ్యో' అనుకుని, ఆ తరవాత నోట్లో పెట్టుకుంటున్నారు. నేనూ అంతే, అత్తయ్యా అంతే!"

ప్రతి విద్యార్థీ ఆ టర్ములో సొంతంగా ఒక ప్రయోగం చెయ్యాలి. తనది ఇదేనని అప్పుడే తేల్చేసింది. నాకు ఒళ్ళు మండింది.

"మా అమ్మ మీదా నీ ప్రయోగం? నిజంగానే బాగాలేవని తేలితే?"

"తేలితే తేలినట్టు. అప్పుడు డబ్బాల దగ్గర కూర్చోవడానికి ఒక కారణం ఉంటుంది. ఇప్పుడు ఏ కారణం లేకుండా కూర్చోబెడుతున్నారు. అది నీకు బాగుందా?"

అడగకుండా మనుషుల మీద ప్రయోగం చెయ్యకూడదని గుడ్‌లో గారి కట్టడి కాబట్టి, అమ్మకి విషయమంతా దాపరికం లేకుండా చెప్పింది.

"నా పరువు తియ్యడానికి కాలేజీ దాకా పోవాలా?" అంది అమ్మ. "ఇక్కడ శుభ్రంగా తీస్తూనే ఉన్నారుగా." కానీ తెల్లారేసరికి ఫోను చేసింది. "ఒరే కార్ల్, రుటబాగాలు తెచ్చి పడెయ్. మెత్తబడ్డవి తెచ్చావో, నెత్తినేసి కొడతా."

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లోనే పరీక్ష. అమ్మ చేసినవి, ఎలెనార్ చేసినవి, హైవే మీద పెట్రోలు బంకులో అమ్మేవి. ఒప్పుకున్న వాళ్ళందరి కళ్ళకీ మఫ్లర్లు కట్టి, లొరేన్ ఒక్కొక్కటే చేతికందించింది. తినడం, మార్కులు చెప్పడం. అందరూ చిన్నపిల్లల్లా ఇకఇకలాడారు. లెక్క తేలాక మాత్రం ఎవరూ నవ్వలేదు. అమ్మ పాస్టీలు అట్టడుగున ఉన్నాయి, పెట్రోలు బంకు వాటికన్నా కింద. అమ్మ కోటు బొత్తాలు పెట్టుకుంది. వణికే చేతికి పై బొత్తాం పట్టలేదు. దాన్ని అలాగే వదిలేసి, మంచులో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

లొరేన్ కుర్చీలో కూలబడింది. నేనేం మాట్లాడినా గొడవవుతుందని, బల్ల మీద మిగిలిన పాస్టీ ఒకటి తీసుకుని తినబోయాను.

"ఆగు!" అని అరిచింది. "ఏం చేశావిప్పుడు?"

"ఏం చేశాను? తింటున్నా."

"దానికి ముందు! నీ బొటనవేలు!"

నా బొటనవేలు అంచు మీద ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాను, నాకే తెలియకుండా. మా ఊళ్ళో అందరం అంతే. తాతల కాలంలో గనిలో చీకట్లో కూర్చుని తినేవారు. ఎవరి పాస్టీ మూల వాళ్ళ పేరు మొదటి అక్షరం ఉండేది. అంచు తడిమి, అక్షరం ఉన్న మూల వదిలి, రెండో చివర నుంచి మొదలుపెట్టేవారు, సగం తిని పక్కన పెట్టినా ఎవరిది వారికి దొరుకుతుందని. గనులు పోయాయి, అక్షరాలూ పోయాయి, వేలు మాత్రం ఆ పని మానలేదు.

లొరేన్ లేచి హాలంతా తిరిగింది. "పాస్టరు గారూ, ఒక్కసారి ఇది పట్టుకోండి." పాస్టరు గారి వేలు అంచు మీదికి పోయింది. "ఎలెనార్ గారూ, ఇదిగో." ఎలెనార్ వేలూ పోయింది. తన వేలు చూసుకుని ఎలెనార్ నోరు తెరిచింది.

"కళ్ళు కట్టాను గానీ వేళ్ళు కట్టలేదు!" అని లొరేన్ కుర్చీ ఎక్కేసింది. "మీరంతా గంతల్లో నుంచి చూసేశారు! ఇది లెక్కలోకి రాదు! మళ్ళీ, మళ్ళీ చెయ్యాలి!"

"దిగవే, పడతావు" అంది ఎలెనార్. తన వేలు ఇంకోసారి చూసుకుని, "మళ్ళీ చేస్తే నేనూ వస్తా" అంది. ఆ మనిషిని నేనెన్ని తిట్టుకున్నా, అడ్డంగా మాట్లాడే మనిషి కాదు.

అమ్మని మళ్ళీ ఒప్పించడం కష్టమైంది. "ఒకసారి చాలదూ?" అంటూ తలుపు సగమే తీసింది. లొరేన్ మంచులో నిలబడే మాట్లాడింది.

"తప్పు మీ చేతిది కాదు అత్తయ్యా, నా పరీక్షది. పెట్టడం రాక పెట్టాను."

"ఈసారి వస్తుందని ఏంటి నమ్మకం?"

"మా టీచరు గారు పక్కన ఉంటారు. మీరు చెయ్యకపోతే నేను ఆ మొదటి లెక్కే చూపించాలి. అది అబద్ధమని తెలిసీ చూపించాలి. నావల్ల కాదు."

అమ్మ తలుపు పూర్తిగా తీసింది. "ఈసారీ ఆ పెట్రోలు బంకు వాడి కన్నా కింద పడితే, నేను పోయేదాకా నా వంట నువ్వే చెయ్యాలి."

"అంతకన్నా పెద్ద శిక్ష మీకే" అంది లొరేన్.

గుడ్‌లో గారు అన్నీ విని, ఇంకో లోపం కూడా పట్టుకున్నారు. "లొరేన్, అందించింది నువ్వేగా? ఏది మీ అత్తగారిదో నీ గొంతే చెప్పేసి ఉంటుంది. ఇచ్చేవాళ్ళకి కూడా తెలియకూడదు." ఈసారి తలుపేసుకుని ఆవిడే అంచులన్నీ కోసేసి, నడిమి భాగం ముక్కలు చేసి, ఎవరివి ఏ రంగో తనకొక్కతికే తెలిసేలా రంగు పుల్లలు గుచ్చుతానన్నారు. తినేవాళ్ళ చేతులు వీపు వెనక ఉండాలి. నోటికి అందించేది నేను.

"నేనే ఎందుకు?" అన్నాను.

"నీకేమీ తెలియదు కాబట్టి" అంది లొరేన్.

పెళ్ళయిన నాటి నుంచీ ఆ అర్హత నాకుంది. మొదటిసారి పనికొచ్చింది.

శనివారం కాలేజీ క్యాంటీనులో పెట్టుకున్నాం. ముందు బయాలజీ గది అనుకున్నారు గానీ, కప్పలు కోసే బల్ల మీద తినడానికి గుడ్‌లో గారు ససేమిరా అన్నారు. రాత్రంతా మంచు పడితే కార్లు ఆపే చోటంతా నేనే తోసి శుభ్రం చేశాను. ఎలెనార్ చర్చి ఆడవాళ్ళని రెండు కార్లలో ఎక్కించుకొచ్చింది. వాసన పట్టుకుని వెల్డింగు కుర్రాళ్ళూ, జుట్టు కత్తిరించే అమ్మాయిలూ దిగబడ్డారు. వాళ్ళనీ కూర్చోబెట్టి గంతలు కట్టేసింది మా ఆవిడ. మంచు తొయ్యడమంటే లెక్కలేని నేను ఆ పొద్దున చెమటలు కక్కాను. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. ఏది ఎవరిదో నాకు తెలియదు, నేను రంగు పేరు చెప్పి ముక్క అందిస్తుంటే నోళ్ళు పిచికపిల్లల్లా తెరుచుకుంటున్నాయి. గుడ్‌లో గారు మార్కులు రాసుకుంటున్నారు. లొరేన్‌ని గోడ వైపు తిరిగి నిలబడమన్నారు, ఆమె మొహం చూసి ఎవరూ ఏమీ పట్టుకోకుండా. వెనక నుంచి చూస్తే మడమల మీద ఎగిరెగిరి పడుతోంది.

"పసుపుది బాగుంది." "ఆకుపచ్చది, ఆకుపచ్చదే." "పసుపు ఇంకో ముక్క ఉందా?" "ఎరుపుది అట్టముక్కలా ఉంది." అమ్మ ఏ రంగులో ఉందో తెలియక నేను ఏ రంగుకీ సంతోషించలేకపోయాను.

అందరూ అయ్యాక అమ్మ లేచింది. పొద్దున్నుంచీ మూల కుర్చీలో, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నాకూ కట్టండి" అంది.

"చేసినదానివి నువ్వెలా తింటావే?" అంది ఎలెనార్.

"నువ్వు చెయ్యలేదా? తిన్నావుగా మరి!"

గుడ్‌లో గారు తలూపారు. నేనే మఫ్లరు కట్టాను. ఎర్ర పుల్ల ముక్క నోటికందించాను. రెండు నములు నమిలి మొహం చిట్లించింది.

"ఇది నాదే. ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండిపోయి, ఉప్పూ కారం లేకుండా." కష్టమ్మీద మింగింది. "కానివ్వు, రెండోది."

ఆకుపచ్చది తింది. "ఇదిగో, ఇది ఎలెనార్‌ది. మిరియాలపొడి డబ్బా బోర్లించేస్తుంది, మొదటి నుంచీ అంతే."

"నాకిష్టం" అంది ఎలెనార్.

పసుపుది అందించాను. అమ్మ నమలడం మొదలుపెట్టి ఆగింది. మళ్ళీ నమిలింది, ఈసారి మెల్లగా.

"ఏంటమ్మా?" అన్నాను.

"అయితే ఇది పెట్రోలు బంకు వాడిదన్న మాట. ఎవరో కొత్తావిడ చేరినట్టుంది వాడి దగ్గర. పిండి చూడు ఎలా విరిగిందో. దుంప ఉడికింది గానీ చితకలేదు. ఎలెనార్, ఎక్కడున్నావ్? ఆవిడెవరో కనుక్కో. బతిమాలైనా సరే తీసుకురా. నా చోట్లో ఆవిణ్ణి నిలబెట్టు. అప్పుడు నాకు డబ్బాల దగ్గర కూర్చున్నా బాధుండదు."

గోడ దగ్గర లొరేన్ ఎగరడం ఆపేసింది.

గుడ్‌లో గారు కాగితం చూడకుండానే చెప్పారు. "మొత్తం మీద ఆకుపచ్చా పసుపూ సమానంగా వచ్చాయి. రెంటికీ తేడా ఎవరూ చెప్పలేకపోయారు. ఎరుపు చాలా కింద ఉంది. అది పెట్రోలు బంకుది." ఆగి, అమ్మ దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేశారు. "లెంపి గారూ, పసుపు మీది."

లొరేన్ గోడ వదిలి పరిగెత్తుకొచ్చింది. దారిలో ఒక కుర్చీ పడింది. వెల్డింగు కుర్రాళ్ళు దేనికో పూర్తిగా అర్థం కాకపోయినా ఈలలేశారు. నేను చేతిలో పళ్ళెం పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఎలెనార్ లేచి నిలబడింది. ఈసారీ చుట్టూ తిప్పి చెప్పలేదు.

"అందరూ విన్నారుగా? బతిమాలైనా ఆవిణ్ణే నిలబెట్టమంది. బతిమాలుతున్నా లెంపీ. గురువారం పొద్దున్నే వచ్చి నీ చోట్లో నిలబడు. అంచు ఎలా వస్తే అలా రానీ."

మఫ్లరు కింద అమ్మ చెంపలు తడిసిపోయాయి. లొరేన్ ముడి విప్పబోతే, వణికే చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీవే పిల్లా. ముందు ఆ పసుపుది ఇంకో ముక్క పెట్టు."